గుర్తు తెలియని వాహనం

జిల్లా ఎడిషన్‌లో ఏడో పేజీలోనో తొమ్మిదో పేజీలోనో ఒక మూలన నాలుగు లైన్ల వార్త రోజూ ఉంటుంది. 'గుర్తు తెలియని వాహనం ఢీకొని వ్యక్తి మృతి.' పోయినాయన పేరు, వయసు, ఊరు. పొలం నుంచి వస్తున్నాడనో, టీ తాగడానికి రోడ్డు దాటుతున్నాడనో ఒక ముక్క. చివర్లో 'కేసు నమోదు చేసి దర్యాప్తు చేస్తున్నట్లు ఎస్సై తెలిపారు.' చిన్నప్పటి నుంచి చదువుతున్న వాక్యమే. కానీ ఒక పొద్దున ఓ నలభై సెకన్ల పాటు ఆ 'గుర్తు తెలియని వాహనం' నాదే అయింది. అప్పటి నుంచి ఆ వార్త కనబడితే చదవకుండా పేజీ తిప్పలేను.

2019 డిసెంబరు. తెల్లారి ఆరున్నర. కోదాడలో చుట్టాల గృహప్రవేశానికి హైదరాబాద్ నుంచి బయల్దేరాం. కారు నేను నడుపుతున్నాను, పక్క సీట్లో మా బావమరిది. ఆడవాళ్లు ముందురోజే బస్సులో వెళ్లిపోయారు. నకిరేకల్ దాటాక పల్చగా మంచు పట్టింది. డివైడర్‌లో గ్యాప్ ఉన్నచోట ఒక పెద్దాయన ఎక్సెల్ బండి మీద, రెండు పక్కలా పాల క్యాన్లు వేలాడేసుకుని, ఇటు చూడకుండా రోడ్డు మీదికి వచ్చేశాడు. చూడకుండా వచ్చాడన్నది నా మాట. ఆయన్ని అడిగితే నేను హారన్ కొట్టకుండా వచ్చానంటాడు. బ్రేకు తొక్కాను. కారు ఎడమ మూల ఆయన వెనక చక్రానికి తగిలింది. శబ్దం కూడా పెద్దది కాదు, వంటింట్లో గిన్నె జారి పడితే వచ్చేంత.

కారు దాదాపు ఆగింది. అప్పుడు మా బావమరిది అన్నాడు, "బావా, ఆపకు. జనం వస్తున్నారు. ముందు పోనీయ్, తర్వాత చూసుకుందాం."

నా కాలు బ్రేకు మీంచి లేచింది. ఎందుకు లేచిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. అద్దంలో చూస్తే రోడ్డు మీద పాలు పారి తెల్లటి మడుగు కట్టాయి, దాని పక్కన ఒక చెప్పు. ఓ నాలుగైదు వందల మీటర్లు పోయాక ఒక కల్వర్టు పక్కన ఆపాను. మనసొప్పక ఆపానని చెప్పుకోవాలని ఉంటుంది గానీ, అప్పుడు తలలోకి ముందు వచ్చింది కొర్లపహాడ్ టోల్‌గేటు. అక్కడ కెమెరా ఉంటుంది, దొరికిపోతాం అని. మిగతా ఆలోచనలన్నీ దాని వెనకే వచ్చాయి.

వెనక్కి నడిచాను. మా వాడు కార్లోనే కూర్చున్నాడు. అప్పటికే ఏడెనిమిది మంది పోగయ్యారు. ఒకతను కాలర్ పట్టుకున్నాడు. "ఏం సారూ, ఉరుకుదామనుకున్నవా?" అన్నాడు. జవాబు చెప్పేలోపు ఎవరో వెనక నుంచి ఒకటి ఇచ్చారు. రోడ్డు పక్క టీ బంకు నడిపే ఆమె అడ్డం వచ్చింది. "కొట్టుడు తర్వాత, ముందుగాల ముసలాయన్ని చూడుండ్రి" అని కేకలేసింది. ఆమె లేకపోతే ఆ పొద్దున ఎటు పోయేదో తెలియదు. 108 రావడానికి ఇరవై నిమిషాలు పట్టింది. పెద్దాయనకు మోకాలి కింద ఎముక విరిగింది. నొప్పి కంటే పాల గురించే ఎక్కువ బాధపడుతున్నాడు. "ఇరవై లీటర్లు బిడ్డా, డెయిరీల పోసేటివి" అంటూనే ఉన్నాడు.

ఇంతవరకూ నా ఉదంతం. దీని తర్వాత స్టేషన్లో, ఆ తర్వాత కోర్టు దగ్గర కూర్చుని తెలుసుకున్నవాటి గురించే ఈ వ్యాసం. ఇరవై ఏళ్లుగా లైసెన్స్ జేబులో పెట్టుకుని తిరుగుతున్న నాకు ఇవేవీ ఎవరూ చెప్పలేదు. లైసెన్స్ పరీక్షలో నో పార్కింగ్ బోర్డు ఏదో గుర్తుపట్టమన్నారు, ఎనిమిది అంకె వేయమన్నారు. బండి ఎవరికైనా తగిలితే ఏం చేయాలో అడిగినట్టు గుర్తులేదు.

మోటారు వాహనాల చట్టం, 1988. అందులో 134వ సెక్షన్. ప్రమాదంలో ఎవరికైనా దెబ్బ తగిలినా, ఇంకొకరి ఆస్తి దెబ్బతిన్నా, ఆ బండి డ్రైవరు ఏం చేయాలో అందులో ఉంది. గాయపడినవాళ్లకు వైద్యం అందేలా చూడాలి, అవసరమైతే దగ్గర్లోని ఆసుపత్రికి చేర్చాలి. పోలీసు అడిగిన వివరాలు చెప్పాలి. అక్కడ పోలీసు లేకపోతే వీలైనంత త్వరగా, ఎంత ఆలస్యమైనా 24 గంటల్లోపు దగ్గర్లోని స్టేషన్‌కి వెళ్లి జరిగింది చెప్పాలి. ఇన్సూరెన్స్ కంపెనీకి రాతపూర్వకంగా తెలియజేయాలి. అదే సెక్షన్ డాక్టరుకూ ఒక బాధ్యత పెట్టింది. కాగితాల తతంగం కోసం ఆగకుండా వెంటనే వైద్యం మొదలుపెట్టాలి. సుప్రీంకోర్టు 1989లోనే, పర్మానంద్ కటారా కేసులో, మెడికో లీగల్ కేసని, అంటే పోలీసు కేసని, సాకు చెప్పి ఏ డాక్టరూ వెనక్కి పంపకూడదని చెప్పింది.

ఇందులో నాకు రెండు విషయాలు కొత్త. మొదటిది, తప్పెవరిదన్న ప్రశ్న ఆ సెక్షన్‌లో ఎక్కడా లేదు. పెద్దాయన చూడకుండా వచ్చాడా, నేను వేగంగా వచ్చానా అన్నది తర్వాత తేలే సంగతి. ఆగడం, ఆసుపత్రికి చేర్చడం, చెప్పడం అన్నవి తప్పు నాది కాకపోయినా నా మీద ఉన్న బాధ్యతలు. మన దగ్గర దీనికి పూర్తిగా తలకిందులుగా అనుకుంటారు. 'నా తప్పు లేదు, నేనెందుకు ఆగాలి?' అనేవాళ్లు కొందరు. 'ఆగితే తప్పు ఒప్పుకున్నట్టే' అనేవాళ్లు ఇంకొందరు. స్టేషన్‌కి వెళ్లి ప్రమాదం జరిగిందని చెప్పడం నేరం ఒప్పుకోవడం కిందికి రాదు. పోలీసు అధికారి ముందు చేసిన ఒప్పుకోలు కోర్టులో సాక్ష్యంగా చెల్లదన్నది మన సాక్ష్య చట్టంలో బ్రిటిష్ కాలం నుంచీ ఉన్న మాటే.

రెండోది ఇంకా ముఖ్యం. గాయపడినవాళ్లను ఆసుపత్రికి చేర్చాలన్న చోటే, 'జనాగ్రహం వల్లగానీ, తన చేతుల్లో లేని మరో కారణం వల్లగానీ సాధ్యం కాకపోతే తప్ప' అన్న మినహాయింపు పెట్టారు. జనం కొడతారన్న సంగతి చట్టం రాసినవాళ్లకు తెలుసు. అలాంటప్పుడు అక్కడి నుంచి తప్పుకోవడానికి దారి వదిలారు. కానీ స్టేషన్‌కి చెప్పాలన్న దగ్గర ఆ మినహాయింపు లేదు. జనం నుంచి తప్పించుకోవచ్చు, పోలీసుల నుంచి తప్పించుకోకూడదు. మా బావమరిది 'ముందు పోనీయ్' అన్న మాటలో మొదటి సగం చట్టానికీ కొంత సమ్మతమే. 'తర్వాత చూసుకుందాం' అన్న రెండో సగం దగ్గరే గొడవంతా. ఎందుకంటే ఆ తర్వాత అనేది ఎప్పటికీ రాదు. పది కిలోమీటర్లు పోయాక ఎవడూ వెనక్కి తిరగడు, స్టేషన్ ముందు బండి ఆపడు. గృహప్రవేశంలో భోజనం చేసి, సాయంత్రం బంపర్ మీద సొట్ట తీయించుకోవడానికి షెడ్డుకు వెళ్తాడు.

2024 జనవరి మొదటి వారం మనందరికీ గుర్తుండే ఉంటుంది. ఐపీసీ స్థానంలో తెచ్చిన కొత్త భారతీయ న్యాయ సంహితలో 106(2) అని ఒక సెక్షన్ పెట్టారు. నిర్లక్ష్యంగా నడిపి ఒకరి చావుకు కారణమై, ఆ తర్వాత పోలీసు అధికారికో మేజిస్ట్రేటుకో చెప్పకుండా పారిపోతే పదేళ్ల వరకూ జైలు. లారీ, ట్యాంకర్ డ్రైవర్లు సమ్మెకు దిగారు. జనవరి 2న హైదరాబాద్‌లో పెట్రోల్ బంకుల ముందు కిలోమీటర్ల కొద్దీ క్యూలు. ఆ రాత్రికే కేంద్రం దిగొచ్చి, రవాణా సంఘాలతో మాట్లాడాకే ఆ సెక్షన్‌ అమలు చేస్తామంది. కొత్త చట్టాలు 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చాయి, ఆ ఒక్క ఉపసెక్షన్‌ను మాత్రం పక్కన పెట్టారు.

ఆ సమ్మెప్పుడు మా ఆఫీసులో అందరూ లారీ డ్రైవర్లను తిట్టారు. నాకు నోరు రాలేదు. ఒక చెంపదెబ్బకే నాకు వారం రోజులు నిద్ర పట్టలేదు. ప్రమాదం తర్వాత జనం లారీని తగలబెట్టడం, డ్రైవర్‌ని కట్టేసి కొట్టడం మనం చూడనివేం కావు. పైగా మన రోడ్ల మీద తప్పెవరిదైనా పెద్ద బండిదే తప్పు. సైకిల్‌ని ఎక్సెల్ గుద్దితే ఎక్సెల్‌ది, ఎక్సెల్‌ని కారు గుద్దితే కారుది, కారు వెళ్లి ఆగి ఉన్న లారీని గుద్దినా లారీది. పదిహేను వేల జీతానికి బండి నడిపే మనిషికి పదేళ్లు అన్న అంకె వినబడితే ఇంకేం వినబడదు. ఆ సెక్షన్‌లోనే ఉన్న 'చెప్పకుండా' అన్న మాట వినబడదు. అక్కడ నిలబడి దెబ్బలు తినమని చట్టం అనలేదు, చెప్పమంది. దగ్గర్లోని స్టేషన్‌లో కాకపోతే ఆ పై ఊరి స్టేషన్‌లో. కానీ ఈ సంగతి డ్రైవర్లకు వాళ్ల భాషలో చెప్పే పని ప్రభుత్వం చేయలేదు, సంఘాలూ చేయలేదు.

పదేళ్ల శిక్షతో పారిపోవడం ఆగిపోతుందని నేను అనుకోను. దొరికితే పదేళ్లు, దొరక్కపోతే సున్నా అన్నప్పుడు భయపడ్డవాడు ఇంకా గట్టిగా యాక్సిలరేటర్ తొక్కుతాడు. ఇంతకీ ఇప్పుడు ఆ సెక్షన్ అమల్లో లేదు గనక లెక్క ఇలా ఉంది. నిర్లక్ష్యంగా నడిపి మనిషి చావుకు కారణమైతే 106(1) కింద ఐదేళ్ల వరకూ జైలు. పాత ఐపీసీ 304ఏ కింద రెండేళ్లే ఉండేది. స్టేషన్‌కి చెప్పకుండా పోయినందుకు మోటారు వాహనాల చట్టం 187 కింద ఆరు నెలల వరకూ జైలు, లేదా 5 వేల జరిమానా, లేదా రెండూ. ఆ ఐదేళ్ల సెక్షన్‌కి బెయిలు వస్తుంది, అది బెయిలబుల్ నేరం. ఈ ఒక్క ముక్క తెలిసినా చాలామంది ఆగుతారని నా నమ్మకం. స్టేషన్‌కి వెళ్తే తిన్నగా జైలుకే అనుకుని పారిపోయేవాళ్లే ఎక్కువ.

ఇక డబ్బు సంగతి. నన్ను ఈ వ్యాసం రాయించింది నిజానికి ఇదే.

ఒక ఉదాహరణ తీసుకుందాం. తాపీమేస్త్రీ, ముప్పై ఏళ్లు, నెలకు 15 వేలు సంపాదన. ఇంట్లో భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. కారు గుద్ది చనిపోయాడు, తప్పు కారుదే. సర్లా వర్మ (2009), ప్రణయ్ సేఠీ (2017) కేసుల్లో సుప్రీంకోర్టు ఖాయం చేసిన లెక్క ఉంది, ప్రమాద పరిహారం తేల్చే క్లెయిమ్స్ ట్రిబ్యునళ్లు దేశమంతా అదే వాడతాయి. ఏడాదికి 1,80,000. సొంతంగా పనిచేసుకునేవాడు, నలభైలోపు వయసు గనక, మున్ముందు పెరిగే సంపాదన కింద 40 శాతం కలిపితే 2,52,000. ఆధారపడినవాళ్లు నలుగురు గనక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తే 1,89,000. ముప్పై ఏళ్ల వయసువాడికి దాన్ని 17తో గుణించాలి. మొత్తం 32,13,000. అంత్యక్రియల ఖర్చు వగైరా దానికి అదనం.

ఇది ఎవరు కడతారు? కారుకు ఇన్సూరెన్స్ ఉంటే కంపెనీ కడుతుంది. థర్డ్ పార్టీ పాలసీలో చావుకూ గాయాలకూ ఇంత వరకే అన్న పరిమితి లేదు, ఎదుటివాళ్ల ఆస్తి నష్టానికే పరిమితి. ఏటా మనం తిట్టుకుంటూ కట్టే ప్రీమియం దీనికోసమే.

అదే కారు ఆగకుండా పోయి, నంబరు ఎవరూ చూడలేదనుకుందాం. అప్పుడు అది 'గుర్తు తెలియని వాహనం'. ఆ ఇంటికి మోటారు వాహనాల చట్టం 161వ సెక్షన్ కింద ప్రభుత్వ పథకం ప్రకారం వచ్చేది 2 లక్షలు. తీవ్రంగా గాయపడితే 50 వేలు. అదీ 2022 ఏప్రిల్ 1 నుంచి; అంతకుముందు చావుకు 25 వేలు, గాయానికి 12,500 ఉండేది. పోనీ ఆ రెండు లక్షలైనా వస్తున్నాయా? 2022లో దేశంలో 67,387 హిట్ అండ్ రన్ ప్రమాదాలు జరిగి 30,486 మంది చనిపోయారు. 2022-23లో ఈ పథకం కింద వచ్చిన దరఖాస్తులు 205, పరిష్కరించినవి 95. సుప్రీంకోర్టు 2024 జనవరిలో దీని మీద ఆదేశాలిచ్చింది. నెల రోజుల్లోగా బండి ఆచూకీ దొరక్కపోతే, పథకం సంగతి పోలీసులే బాధితులకు రాతపూర్వకంగా చెప్పాలని.

అంటే కారు నంబరు తెలిస్తే 32 లక్షలు, తెలియకపోతే 2 లక్షలు. పారిపోయినవాడికి ఆ ముప్పై లక్షలేమీ మిగలవు, అతని జేబులోంచి పోయేవి కావవి. ఆ ఇంటికి రావలసినవి మాత్రం పోతాయి. నేను కల్వర్టు దాకా పోయిన ఆ నలభై సెకన్లలో, పెద్దాయన కాలికి నా కంపెనీ కట్టాల్సిన డబ్బును నాతోపాటు తీసుకుపోతున్నాను. అప్పుడు ఈ లెక్క తెలియదు. తెలిసి ఉంటే టోల్‌గేటు కెమెరా గుర్తుకు రావలసిన పని ఉండేది కాదేమో.

స్టేషన్ సంగతికి వస్తాను. హెడ్ కానిస్టేబుల్ రిజిస్టర్‌లోంచి తలెత్తి, "మీరే వచ్చిన్రా?" అన్నాడు. అవునన్నాను. ఓసారి తేరిపార చూసి, "కూసోండి, చాయ్ తాగుతరా?" అన్నాడు. దెబ్బలు తిన్న మొహంతో వచ్చాను గనక జాలిపడ్డాడో, తమంతట తాము వచ్చేవాళ్లు అంత అరుదో తెలియదు. అప్పట్లో ఐపీసీ 338 కింద కేసు. ఇప్పుడైతే సంహితలో 125. కారు స్టేషన్ ఆవరణలో పెట్టుకున్నారు, బ్రేక్ ఇన్‌స్పెక్టర్ వచ్చి చూసి రిపోర్టు ఇచ్చేదాకా ఇవ్వరు. నోటీసు ఇచ్చి, పిలిచినప్పుడు రమ్మని పంపించారు. మధ్యాహ్నం మూడింటికి నేను బస్సెక్కాను. జైలూ లేదు, లాకప్పూ లేదు.

ఈ మధ్యలో ఫోన్లు. తెలిసినాయన ఒకాయన, లోకం తెలిసినవాడని పేరు, "ఉద్యోగం చేసుకునేవాడివి, నీ పేరు ఎందుకు? ఎవరైనా డ్రైవర్‌ని చూపిద్దాం, పదివేలిస్తే వాడే చూసుకుంటాడు" అన్నాడు. ఇది మన దగ్గర ఎంత మామూలు మాటంటే, ఆయన కనీసం గొంతు కూడా తగ్గించలేదు. లైసెన్స్ లేని కొడుకు నడిపితే తండ్రి పేరు, తాగిన యజమాని నడిపితే డ్రైవర్ పేరు. పోలీసుకు తప్పుడు సమాచారం ఇవ్వడం వేరే నేరం. సాక్ష్యం మాయం చేయడం ఇంకో నేరం. అప్పటిదాకా నిర్లక్ష్యం మాత్రమే ఉన్నచోట అబద్ధం వచ్చి చేరుతుంది. చిన్నపిల్లల విషయంలో అయితే మోటారు వాహనాల చట్టంలో 2019 సవరణ తర్వాత 199ఏ ఉంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే తండ్రికో బండి యజమానికో మూడేళ్ల వరకూ జైలు, 25 వేల జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు, ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్స్ రాదు. పదో తరగతి పిల్లాడికి స్కూటీ తాళాలిచ్చి 'మావాడు చక్కగా నడుపుతాడు' అని మురిసే తండ్రులు మా అపార్ట్‌మెంట్లోనే నలుగురున్నారు. వాళ్లకు ఈ సెక్షన్ చెప్పి చూశాను. నవ్వారు.

రెండో రకం ఫోన్లు పెద్దమనుషులవి. "కేసెందుకు, కూర్చుని మాట్లాడుకుందాం." పెద్దాయన ఊరి సర్పంచి భర్త అరవై వేలు అన్నాడు. మా వైపు వాళ్లు నలభై దగ్గర ఆగారు. కోడలి సారె బేరం లాగా సాగింది. నాకూ అదే నయమనిపించింది, ఎందుకు అబద్ధం చెప్పడం. అయితే స్టేషన్ బయట కూర్చునే ఒక వకీలు, నా తరఫు కూడా కాదు, ఒక మాటన్నాడు. "ఆ ముసలాయనకు కాలు అతక్కపోతే, రేపు రాడ్ వేయాలంటే, ఈ నలభై వేలు ఏ మూలకు? ఎఫ్ఐఆర్ ఉంటే ట్రిబ్యునల్‌కి పోతాడు. లేకపోతే మీ ఇంటికి వస్తాడు." నిజంగానే రాడ్ వేశారు. ఎఫ్ఐఆర్ ఉంది గనక పెద్దాయన క్లెయిమ్ వేశాడు, కరోనా వల్ల సాగి సాగి కంపెనీ కట్టింది. నా చేతి నుంచి పోయింది ఎక్సెల్ రిపేరు, క్యాన్లు, ఆ రోజు పాల డబ్బులు, మొదట్లో మందుల ఖర్చు. నా మీద కేసు లోక్ అదాలత్‌లో రాజీతో ముగిసింది. గాయం కేసు గనక కోర్టు అనుమతితో రాజీకి వీలుంది. మనిషి పోతే ఆ వీలు లేదు, ఎంతమంది పెద్దమనుషులు కూర్చున్నా 106 కేసును వాళ్లు మూసేయలేరు. మూస్తామని డబ్బు తీసుకునేవాళ్లు మాత్రం ఉంటారు.

ఇదంతా బండికి ఇన్సూరెన్స్ ఉంటేనే. 2018 సెప్టెంబరు నుంచి కొత్త టూవీలర్‌కి ఐదేళ్లు, కారుకు మూడేళ్లు థర్డ్ పార్టీ ఒకేసారి కట్టించుకుంటున్నారు. మంచిదే, కానీ ఆరో ఏట టూవీలర్ ఇన్సూరెన్స్ గుర్తుపెట్టుకుని కట్టేవాడెవడో చూపించండి. పాలసీ లేని బండి పట్టుబడితే మొదటిసారి 2 వేల జరిమానా, లేదా మూడు నెలల వరకూ జైలు, లేదా రెండూ అని చట్టంలో ఉంది. అసలు భయపడాల్సింది దానికి కాదు. పైన వేసిన 32 లక్షల లెక్క అప్పుడు బండి యజమాని ఇంటి మీదికి, పొలం మీదికి వస్తుంది. యజమాని అంటే ఆర్సీలో పేరున్నవాడు. పాత బండి అమ్మేసి, ఫారం 29, 30 మీద సంతకాలు గీకి ఇచ్చేసి, కొన్నవాడు పేరు మార్చుకున్నాడో లేదో చూడని వాళ్లంతా ఇక్కడ ఒక్కసారి ఆగండి. 2018లో నవీన్ కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఇదే. బండి ఎన్ని చేతులు మారినా రికార్డులో పేరున్నవాడే యజమాని, పరిహారం బాధ్యత అతనిదే. మీరు ఐదేళ్ల కింద అమ్మిన బైకు ఈ రాత్రి ఎవరి చేతిలో ఉందో మీకు తెలుసా?

చట్టాన్ని ఇంతగా మెచ్చుకున్నాను గనక అది నాకు నచ్చని చోటు కూడా చెప్పాలి. ఆ 24 గంటలు. 1988లో ఊరికొక ఫోన్ ఉంటే గొప్ప. హైవే మీద ప్రమాదం జరిగితే స్టేషన్ చేరడానికే పూట పట్టేది. ఇప్పుడు అందరి జేబులోనూ ఫోనుంది, 112 ఉంది, 108 ఉంది, జాతీయ రహదారి మీద 1033 ఉంది. ఇంకా 24 గంటలు దేనికి? తాగినవాడికి అది దిగడానికి సరిపోయే గడువు. వంద మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. రాత్రి పదకొండింటికి గుద్ది, ఇంటికెళ్లి పడుకుని, మర్నాడు స్నానం చేసి వకీలుతో స్టేషన్‌కి వస్తే రక్తంలో ఏముంటుంది? 'వీలైనంత త్వరగా' అన్న మాట అదే వాక్యంలో ఉంది నిజమే, కానీ 24 అన్న అంకె కనబడ్డాక ఆ మాటను ఎవరు పట్టించుకుంటారు? అక్కడ ఆగిన తాగుబోతు కంటే పారిపోయిన తాగుబోతుకే లాభం. పదేళ్ల శిక్ష అని డ్రైవర్లందర్నీ బెదిరించే బదులు, ఫోన్ చేయడానికి గంట గడువు పెట్టి, ఆ గంటలో చేసినవాడికి శిక్షలో కొంత వెసులుబాటు ఇస్తే నేను చేయెత్తి ఓటేస్తాను. వకీళ్లు ఒప్పుకోకపోవచ్చు.

చుట్టూ మూగే జనం గురించి రెండు మాటలే. 2016లో సుప్రీంకోర్టు, 2019లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన 134ఏ సెక్షన్ చెప్పేశాయి. గాయపడినవాణ్ని మంచి మనసుతో ఆసుపత్రికి చేర్చినవాళ్ల మీద సివిల్, క్రిమినల్ కేసులు ఉండవు, పేరు చెప్పమని బలవంతపెట్టకూడదు. 2025 మే నుంచి నగదు కట్టకుండా ఏడు రోజుల దాకా, లక్షన్నర వరకూ వైద్యం అందించే పథకం కూడా ఉంది. అయినా వీడియో తీసేవాళ్లే ఎక్కువ. ఆ టీ బంకు ఆమెకు ఈ సెక్షన్లేవీ తెలియవు.

మా బావమరిది ఇవేవీ ఒప్పుకోడు. "నీకు కలిసొచ్చింది బావా. ఆ ఆమె లేకపోతే? ఇద్దరు తాగినోళ్లు ఉంటే?" అంటాడు. నా దగ్గర జవాబు సగమే ఉంది. తప్పుకో, నేరుగా స్టేషన్‌కి పో అంటాను. మధ్యలో వెంటపడి అడ్డం కొడితే అంటాడు. అక్కడ నేను ఆగిపోతాను. మొన్న దసరాకు మళ్లీ అదే దారిలో వెళ్లాం, ఈసారి వాడు నడిపాడు. ఆ గ్యాప్ మూసేశారు. ఇప్పుడు ఊళ్లోవాళ్లు యూ టర్న్ దాకా పోలేక రాంగ్ రూట్లో వస్తున్నారు. ఎదురుగా ఒక ఎక్సెల్, రెండు పక్కలా క్యాన్లు, లైటు లేదు. మా వాడు తిట్టుకుంటూ వేగం తగ్గించి, పార్కింగ్ లైట్లు వేసి, పక్కకి జరిగి నిలబెట్టాడు. బండి మమ్మల్ని దాటి పోయేదాకా అద్దంలో చూశాడు.

"ఆయనేనా?" అన్నాడు.

కాదు. ఈయన చిన్నవాడు.